స్టడీ లీవ్ అడిగితే ‘క్లాసులెవరు చెప్తారు?’ అంటున్నారు

ప్రశ్న: ఒక రాష్ట్ర యూనివర్సిటీలో చరిత్ర విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. నెట్ (అధ్యాపక అర్హత పరీక్ష) అర్హతతో 2013లో రెగ్యులర్ పోస్టులో చేరాను. వయసు 43. 2019లో సీనియర్ స్కేలు వచ్చింది, ఆ పై ప్రమోషన్ పీహెచ్‌డీ లేక ఆగిపోయింది. 2021 ఆగస్టులో వేరే యూనివర్సిటీలో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి రిజిస్టర్ అయ్యాను. గోదావరి డెల్టాలో ఆనకట్ట వచ్చాక భూమి శిస్తు ఎలా మారిందన్నది నా అంశం. రెండు అధ్యాయాలు రాశాను. మిగతా పని అంతా చెన్నై ఎగ్మోర్ ఆర్కైవ్స్‌లో ఉంది. ఏడాదిగా మా హెచ్‌ఓడీ (విభాగాధిపతి) సార్‌ని స్టడీ లీవ్ అడుగుతున్నాను. “మీరు వెళ్తే క్లాసులెవరు చెప్తారమ్మా?” అంటున్నారు. మంజూరైన పోస్టులు 9, రెగ్యులర్‌గా ఉన్నది నలుగురం. “20 శాతం రూలు ప్రకారం నలుగురిలో ఒక్కరికి కూడా రాదు” అని కూడా అన్నారు. మా దగ్గర పదకొండేళ్లుగా కాంట్రాక్టులో ఉన్న ఒక సార్ ఉన్నారు. నా క్లాసులు ఆయన మీద పడతాయని తెలిసినప్పటి నుంచి నాతో ముభావంగా ఉంటున్నారు. లీవ్ కాలం సర్వీసులో లెక్కకు రాదని, తర్వాత అసోసియేట్ పోస్టులకు అప్లై చేస్తే దెబ్బతింటానని స్టాఫ్‌రూమ్‌లో అంటున్నారు. మా వారికేమో జీతం ఆగిపోతుందని టెన్షన్. లీవ్ పెట్టమంటారా, ఇలాగే పార్ట్‌టైమ్‌లో నెట్టుకురమ్మంటారా?
— పేరు వద్దన్న ఒక పాఠకురాలు

జవాబు:

మేడం, లీవ్ పెట్టండి. పెట్టడమే కాదు, ఈ నెలలోనే కాగితం మీద పెట్టండి. ఏడాదిగా అడుగుతున్నానన్నారు, అప్లికేషన్ ఇచ్చానని మాత్రం ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. హెచ్‌ఓడీ గదిలో టీ తాగుతూ అడిగింది, ఆయన కాదన్నది ఆఫీసు లెక్కలో జరగనట్టే. తపాల్‌లో (ఉత్తరాలు తీసుకునే సెక్షన్‌లో) ఇన్‌వర్డ్ నంబరు పడిన రోజు నుంచే మీరు అడిగినట్టు.

ముందు స్టాఫ్‌రూమ్ మాట తేల్చుకుందాం, ఎందుకంటే మిమ్మల్ని ఎక్కువ భయపెడుతున్నది అదేలా ఉంది. అది పూర్తిగా పుకారు కాదు. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018 జులైలో తెచ్చిన నిబంధనల్లో 3.11 అని ఒక క్లాజు ఉంది. పీహెచ్‌డీ చేయడానికి పట్టిన కాలాన్ని బోధనానుభవంగా చూపించుకోకూడదని అది చెబుతుంది. ఏ రకమైన సెలవూ పెట్టకుండా, పాఠాలు చెబుతూనే పీహెచ్‌డీ చేసుకుంటే మాత్రం ఆ కాలం అనుభవంలోకి వస్తుందనీ అదే క్లాజులో ఉంది. అంటే 2021 నుంచి మీరు క్లాసులు చెబుతూ చేసిన పరిశోధన కాలానికి ఢోకా లేదు. పోయేది లీవ్‌లో గడిపే కాలం మాత్రమే.

ఇప్పుడు లెక్క వేసుకోండి. అసోసియేట్ ప్రొఫెసర్ పోస్టుకు నేరుగా అప్లై చేయాలంటే కావలసిన అనుభవం 8 ఏళ్లు. ప్రొఫెసర్‌కి 10 ఏళ్లు. మీరు చేరింది 2013లో. ఏడాది తీసేసినా, రెండేళ్లు తీసేసినా 8 ఏళ్ల గీత మీరు ఎప్పుడో దాటేశారు, పదేళ్లదీ అంతే. మూడేళ్ల సర్వీసుతో స్టడీ లీవ్‌కి వెళ్లే కుర్రవాడైతే ఈ క్లాజు చూసి నిజంగానే భయపడాలి, రెండుసార్లు ఆలోచించుకోమని నేనే చెబుతాను. మీకు ఆ భయం వర్తించదు. మీకున్న లోటు అనుభవం కాదు, పీహెచ్‌డీ పట్టా. అది లేనిదే అసోసియేట్ పోస్టుకి దరఖాస్తే తీసుకోరు. ప్రొఫెసర్‌కైతే ఒక పరిశోధక విద్యార్థికి గైడ్‌గా ఉండి డిగ్రీ ఇప్పించిన దాఖలా కూడా అడుగుతారు. మీకే పీహెచ్‌డీ లేకపోతే గైడ్‌షిప్ ఎక్కడిది?

కెరీర్ అడ్వాన్స్‌మెంట్, అంటే మీ మాటల్లో ప్రమోషన్, దానిది వేరే కథ. పీహెచ్‌డీ గానీ ఎంఫిల్ గానీ లేకుండా చేరినవాళ్లకి మొదటి మెట్టు 6 ఏళ్లకు, ఆ తర్వాతది ఇంకో 5 ఏళ్లకు. 2013లో చేరి 2019లో సీనియర్ స్కేలు అందుకున్నారు కాబట్టి 2024లోనే మీకు లెవెల్ 12 (సీనియర్ స్కేలు, అంటే లెవెల్ 11, దాని పై మెట్టు) అడిగే వంతు వచ్చి ఉండాలి. యూనివర్సిటీ టీచర్లకు ఆ మెట్టు దగ్గర పీహెచ్‌డీ తప్పనిసరి. మీరు ఆగింది అక్కడే. ఇంకో రెండేళ్లు పార్ట్‌టైమ్‌లో ఈడిస్తే ఆ రెండేళ్లూ లెవెల్ 11 జీతంలోనే ఉంటారు. లీవ్ వల్ల నష్టమెంత అని అడుగుతున్నవాళ్లెవరూ లీవ్ పెట్టకపోతే పోయేదెంతో లెక్క కట్టరు.

లీవ్‌లో ఉన్న కాలాన్ని ప్రమోషన్ మార్కులకు ఎలా చూస్తారో అవే నిబంధనల అనుబంధంలో రాసి ఉంది. మెటర్నిటీ, చైల్డ్ కేర్, స్టడీ లీవ్ లాంటి వాటి మీద గడిపిన రోజులను బోధన మార్కుల లెక్కలోంచి పక్కన పెట్టి, మిగిలిన కాలంలో ఎలా పనిచేశారో చూసి దాన్నే మొత్తానికి వర్తింపజేయాలి. ముందస్తు అనుమతితో, పద్ధతి ప్రకారం వెళ్లిన టీచరుకు ప్రమోషన్‌లో నష్టం కలగకూడదని స్పష్టంగానే ఉంది. కానీ 3.11లో “నేరుగా నియామకం లేదా ప్రమోషన్” అన్న మాట కూడా ఉంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదివితే ఎవరికైనా తికమకే. సెక్షన్‌లో కూర్చున్న సూపరింటెండెంట్ తనకు తోచిన అర్థం తీసుకుంటాడు, ఆ కుర్చీలోకి రేపు వచ్చే ఆయన ఇంకో అర్థం తీస్తాడు. అందుకే లీవ్‌కి వెళ్లకముందే రిజిస్ట్రార్‌కి ఒక పేజీ ఉత్తరం రాసి, ఈ లీవ్ కాలం ప్రమోషన్ సర్వీసుకు ఎలా లెక్కిస్తారో రాతపూర్వకంగా అడగండి. జవాబు మంజూరు ఉత్తర్వులోనే ఒక వాక్యంగా వస్తే ఇంకా మంచిది.

ఇక మీ హెచ్‌ఓడీ గారి 20 శాతం. ఆయన ఆ అంకెను గాల్లోంచి తీయలేదు. అదే 3.11 క్లాజు చివర్లో, మొత్తం అధ్యాపకుల్లో 20 శాతం వరకూ రెగ్యులర్ టీచర్లను పీహెచ్‌డీ కోసం స్టడీ లీవ్‌కి అనుమతించాలని ఉంది. నలుగురిలో 20 శాతం అంటే 0.8 కాబట్టి ఒక్కరు కూడా రారని ఆయన లెక్క. అయితే ఆ వాక్యం చెబుతున్నది సంస్థ గురించి. మెడికల్ లీవ్, మెటర్నిటీ లీవ్‌లో ఉన్నవాళ్లను తీసేసి సంస్థ మొత్తం అధ్యాపకుల సంఖ్య మీద వేసే లెక్క అది. మీ క్యాంపస్‌లో రెగ్యులర్ టీచర్లు 150 మంది ఉన్నారనుకుంటే 30 మంది దాకా వెళ్లొచ్చు. ప్రస్తుతం స్టడీ లీవ్‌లో ఎంతమంది ఉన్నారో కనుక్కోండి. ఒకరో ఇద్దరో ఉంటారు, లేదా ఒక్కరూ ఉండరు.

అలా అని ఆయన వాదన పూర్తిగా కొట్టేయడానికీ లేదు. స్టడీ లీవ్ గురించిన 8.2 క్లాజులో, ఏ డిపార్ట్‌మెంటులోనూ నిర్ణీత శాతానికి మించి టీచర్లు లీవ్‌లో ఉండకుండా చూసుకోవాలనే జాగ్రత్త కూడా ఉంది. ఆ శాతం ఎంతన్నది మీ యూనివర్సిటీ లీవ్ రూల్స్‌లో ఉండాలి. రాష్ట్ర యూనివర్సిటీల విషయంలో ఎప్పుడూ గుర్తుంచుకోవలసిన సంగతి ఇది: యూజీసీ రాసింది రాసినట్టుగా మన దగ్గరికి రాదు, రాష్ట్ర ప్రభుత్వం జీవోతో స్వీకరించి యూనివర్సిటీ తన రూల్స్‌లో చేర్చుకున్నాకే ఆఫీసులో దానికి విలువ. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌కి వెళ్లి మీ లీవ్ రూల్స్ ప్రతి ఒకటి తెచ్చుకోండి. ఇవ్వడానికి ఒప్పుకోకపోతే సమాచార హక్కు కింద అడగండి. ఆ పుస్తకంలో డిపార్ట్‌మెంటు వారీ శాతం రాసి లేకపోతే 0.8 లెక్కకు ఆధారం లేనట్టే.

మీ అర్హత గురించి సందేహమే లేదు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా 3 ఏళ్లు నిరంతరాయంగా పనిచేసి ఉండాలి, మీరు ఎన్నో రెట్లు చేశారు. తిరిగొచ్చే తేదీ నుంచి 5 ఏళ్లలోపు రిటైరయ్యేవాళ్లకు ఇవ్వరు, అదీ మీకు అడ్డు కాదు. చాలామంది దీన్నీ సబాటికల్‌నీ (సీనియర్ టీచర్లకు పరిశోధన కోసం ఇచ్చే సెలవు) కలిపేసి మాట్లాడతారు. సబాటికల్ అసోసియేట్, ప్రొఫెసర్ స్థాయిలో 7 ఏళ్లు పూర్తిచేసినవాళ్లకు, ఒక్కోసారి ఏడాదికి మించకుండా, మొత్తం సర్వీసులో రెండేళ్లు. మీకు సంబంధించింది స్టడీ లీవే. స్టడీ లీవ్ నుంచి తిరిగొచ్చాక 5 ఏళ్ల దాకా సబాటికల్ అడగడానికి లేదని మాత్రం ఇప్పుడే ఒక మూల రాసి పెట్టుకోండి, ప్రమోషన్లన్నీ అయ్యాక పనికొస్తుంది.

జీతం. స్టడీ లీవ్ నిబంధనల ప్రకారం జీతంతో ఇచ్చేది, మొత్తం 3 ఏళ్ల దాకా. మొదట 2 ఏళ్లు ఇచ్చి, పని సవ్యంగా సాగుతోందని గైడ్ రాసిస్తే ఇంకో ఏడాది పొడిగిస్తారు. మీ వారికి ఈ మాట చెప్పండి. కానీ మంజూరు ప్రొసీడింగ్స్ చేతికొచ్చినప్పుడు “జీతంతో” అన్న ముక్క అందులో ఉందో లేదో కళ్లతో చూసుకున్నాకే ఊపిరి పీల్చుకోండి. ఆ ముక్క లేకుండా ఉత్తర్వు వస్తే ఆడిట్ వాళ్లు తర్వాత రికవరీ అంటారు. జీతాల బిల్లు ఆలస్యమయ్యే నెలల్లో మీకూ ఆలస్యమవుతుంది, అది లీవ్ మీద నెట్టాల్సిన తప్పు కాదు.

ఎంతకాలం అడగాలి? మూడేళ్లు అడగొద్దు. రెండూ వద్దు. మీరు రాసినదాన్ని బట్టి మీకు కావలసింది ఆర్కైవ్స్‌లో ఏడెనిమిది నెలలు, రాయడానికి మరికొంత. ఒక విద్యా సంవత్సరం అడగండి, అవసరమైతే పొడిగింపు అడుగుతానని అందులోనే ఒక వాక్యం పెట్టండి. రెండు సెమిస్టర్లూ పూర్తిగా కవరయ్యేలా తేదీలు వేస్తే టైమ్‌టేబుల్ వేసేవాళ్లకు సులువు. సెమిస్టర్ మధ్యలో వెళ్లి మధ్యలో వచ్చేవాళ్లంటేనే హెచ్‌ఓడీలకు చిరాకు. ముందూ వెనకా వేసవి సెలవులు కలుపుకోవడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి కాబట్టి చేతికి అందేది పన్నెండు నెలల కంటే ఎక్కువే.

మీ అంశమే తీసుకోండి. గోదావరి జిల్లా 1859లో గానీ ఏర్పడలేదు, ఆనకట్ట కట్టింది 1847 నుంచి 1852 దాకా. అంటే మీకు కావలసిన కాగితాలు రాజమండ్రి జిల్లా, మచిలీపట్నం జిల్లా పేర్ల కింద ఒక చోట, గోదావరి పేరు కింద ఇంకో చోట, బోర్డ్ ఆఫ్ రెవెన్యూ ప్రొసీడింగ్స్‌లో వేరే చోట ఉంటాయి. శని ఆదివారాలకు వెళ్లొచ్చే పని కాదిది. సూచిక చూసి, స్లిప్పు రాసిచ్చి, కట్ట వచ్చేదాకా కూర్చుని, వచ్చాక అది మనకు కావలసింది కాదని తెలిసి మళ్లీ స్లిప్పు రాసే పని. అప్లికేషన్‌కి జతచేసే పరిశోధన ప్రణాళికలో ఈ సంగతులే రాయండి. “సాహిత్య సమీక్ష, డేటా సేకరణ, విశ్లేషణ” అని అందరూ రాసే మూడు ముక్కలు రాస్తే, పార్ట్‌టైమ్‌లో చేసుకోవచ్చు కదా అంటారు. ఏ నెలలో ఏ రికార్డుల శ్రేణి చూస్తారో, అది చెన్నైలోనే ఎందుకు చూడాలో రాస్తే ఆ ప్రశ్న వేసే వీలుండదు.

ఇంకో చిక్కు ఉంది, చాలామంది మర్చిపోతారు. మీరు రిజిస్టర్ అయింది పార్ట్‌టైమ్‌లో. స్టడీ లీవ్‌లో ఉన్న మనిషి పూర్తికాలం పరిశోధన చేస్తున్నట్టు. మీ పీహెచ్‌డీ యూనివర్సిటీలో రిజిస్ట్రేషన్‌ని ఫుల్‌టైమ్‌కి మార్చుకోవాలా, అక్కర్లేదా అన్నది గైడ్ ద్వారా ముందే తేల్చుకోండి. గడువు గురించి కూడా. రిజిస్టర్ అయిన తేదీ నుంచి 6 ఏళ్లంటే 2027 ఆగస్టు. మహిళలకు అదనంగా రెండేళ్ల సడలింపు ఉంది. ఆ సడలింపు ఉంది కదా అని దాన్ని ఇప్పుడే ఖర్చు పెట్టేయకండి, రాత దశలో ఎప్పుడు ఏం అడ్డొస్తుందో తెలియదు.

ఇప్పుడు కాంట్రాక్టు సార్ సంగతి. మీ ఉత్తరంలో ఆయన గురించి రాసింది రెండు వాక్యాలే, కానీ మీ లీవ్ బరువు పడేది ఆయన మీదే. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 16 గంటల బోధన అని లెక్క. ఆ 16 గంటలు మీరు ఎగ్మోర్‌లో ఉన్నప్పుడు గాల్లో కలిసిపోవు, ఎవరో ఒకరు చెప్పాలి. మిగతా ముగ్గురు రెగ్యులర్ల మధ్య సమంగా పంచుతారని మీరూ అనుకోరు, నేనూ అనుకోను. “సార్, మీరు ఈ రెండు పేపర్లు చూసుకోండి” అని ఆయనకే చెప్తారు. ఆయన కాదనలేరు, ఏటా రెన్యూవల్ సంతకం అక్కడే ఉంది కాబట్టి. ఒకప్పుడు యూజీసీ ఫ్యాకల్టీ ఇంప్రూవ్‌మెంట్ ప్రోగ్రామ్ కింద టీచరు పీహెచ్‌డీకి వెళ్తే ఆ స్థానంలో పెట్టుకున్న సబ్‌స్టిట్యూట్ జీతం యూజీసీయే ఇచ్చేది. లీవ్‌కి వెళ్లేవాళ్ల మీద వెనకున్నవాళ్లకు కోపం ఉండేది కాదు, ఒక నిరుద్యోగికి రెండు మూడేళ్లు పని కూడా దొరికేది. ఆ ఏర్పాటు పోయింది, క్లాసులు మాత్రం మిగిలాయి.

అందుకే అప్లికేషన్‌లోనే ఒక పేరా దీనికి కేటాయించండి. మీరు చెప్పే పేపర్లు ఏవి, వారానికి ఎన్ని గంటలు, వాటిలో ఏవి మిగతా ముగ్గురు రెగ్యులర్ టీచర్లు తీసుకోగలరు, ఏవి గెస్ట్ ఫ్యాకల్టీతో చెప్పించాలి అన్నది పట్టికలా వేసి, ఆ గంటలకు గెస్ట్ ఫ్యాకల్టీని మంజూరు చేయమని మీరే అడగండి. గెస్ట్ ఫ్యాకల్టీకి లెక్చర్‌కి 1,500 రూపాయలు, నెలకు 50,000 మించకుండా ఇవ్వొచ్చని యూజీసీ 2019లో చెప్పింది. మీ యూనివర్సిటీ అంత ఇస్తుందని నేను అనుకోను. ఎంత ఇచ్చినా పనికి డబ్బు అన్న పద్ధతి నిలబడుతుంది. “మా తిప్పలేవో మేం పడతాం, మీరు వెళ్లి రండి మేడం” అని డిపార్ట్‌మెంటులో ఎవరైనా మంచితనంతో అన్నా ఒప్పుకోవద్దు. మీ జేబులోంచి నెలకింత అని ఆయనకిచ్చే ఏర్పాటు కొన్ని చోట్ల నడుస్తుంది. దాని జోలికి అసలే వెళ్లకండి, అది మీకూ ఆయనకూ ఇద్దరికీ ముప్పే.

అప్లికేషన్ ఇచ్చేముందు ఆయనతో మాట్లాడండి, ఇచ్చాక కాదు. ఆయనకు లోపల ఉన్న భయం ఏమిటో నేను ఊహించగలను. మీరు పీహెచ్‌డీతో తిరిగొచ్చి పై మెట్టెక్కుతారు, ఆయనకు మాత్రం పన్నెండో ఏడాది మొదలవుతుంది. ఆయనకు చెప్పగలిగిన ఒక నిజం ఉంది. మీరు జీతంతో కూడిన లీవ్‌లో ఉన్నంతకాలం మీ పోస్టు ఖాళీ పోస్టు కాదు. దాని మీద ఎవర్నీ రెగ్యులర్‌గా నియమించలేరు. కాబట్టి మీ లీవ్ ఆయన అవకాశాన్ని తీసుకోదు, ఆయనకు అవకాశం తెచ్చిపెట్టదు. “మీ రెగ్యులరైజేషన్ కోసం నేను మాట్లాడతాను” లాంటి మాట ఇవ్వకండి, అది మీ చేతిలో లేనిది. ఆయనకు ఆ పేపర్లు కొత్తవైతే మీ నోట్స్, మీరు తయారుచేసుకున్న ప్రశ్నపత్రాలు, రీడింగ్ మెటీరియల్ ఇవ్వండి. అది మీ చేతిలో ఉన్నది.

ఆయన విషయంలో నాకు కోపం వచ్చేది వ్యవస్థ మీద. కాంట్రాక్టు నియామకాలు తప్పనిసరైతేనే చేయాలని, మొత్తం అధ్యాపక పోస్టుల్లో 10 శాతం దాటకూడదని, రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ నెలవారీ స్థూల జీతానికి తగ్గకుండా ఇవ్వాలని ఇవే 2018 నిబంధనలు చెబుతున్నాయి. మీ స్టడీ లీవ్ ఫైలు మీద 20 శాతం గుర్తొచ్చినవాళ్లకు ఈ 10 శాతం ఎప్పుడూ గుర్తు రాదు. గుజరాత్‌లో కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్ల జీతాల కేసులో 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు గట్టిగానే మాట్లాడింది. వాళ్లకు రెగ్యులర్ వాళ్ల కనీస పే స్కేలు ఇవ్వాలంది.

తొమ్మిది పోస్టుల్లో నలుగురే ఎందుకున్నారన్నది మీరు అడగలేదు, కానీ మీ లీవ్ ఆగుతున్నది అక్కడే. తెలంగాణలో యూనివర్సిటీ నియామకాలన్నీ ఒకే బోర్డుతో చేయాలని 2022లో అసెంబ్లీ బిల్లు పాస్ చేస్తే అది గవర్నర్ దగ్గర ఆగి, రాష్ట్రపతి పరిశీలనకు వెళ్లింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 చివర్లో మూడు వేలకు పైగా పోస్టులకు నోటిఫికేషన్లు ఇచ్చారు, అవి కోర్టు కేసుల్లో చిక్కుకున్నాయి. ఇంకోవైపు, హడావుడిగా చేస్తే ఏమవుతుందో పంజాబ్ చూసింది. యూజీసీ పద్ధతి పక్కన పెట్టి చేసిన వెయ్యికి పైగా కాలేజీ అసిస్టెంట్ ప్రొఫెసర్ల నియామకాలను 2025 జులైలో సుప్రీంకోర్టు రద్దు చేసేసింది. చేరి పాఠాలు చెబుతున్నవాళ్ల ఉద్యోగాలు ప్రమాదంలో పడ్డాయి. మీ హెచ్‌ఓడీ గారిని విలన్‌గా చూడొద్దని చెప్పడానికే ఇదంతా. ఆయన ఐదు ఖాళీ కుర్చీలతో టైమ్‌టేబుల్ వేస్తున్నారు. ఆరోది కూడా ఖాళీ అవుతుందంటే ఎవరైనా ఉలిక్కిపడతారు. కానీ ఆ ఖాళీలకు మూల్యం మీ పీహెచ్‌డీ చెల్లించాలనడం న్యాయం కాదు. నియామకాలు జరిగేదాకా ఆగమంటే, మీరు రిటైరయ్యేదాకా ఆగమన్నట్టే.

కాగితాల పని. అప్లికేషన్ హెచ్‌ఓడీ ద్వారా, ప్రిన్సిపాల్ ఉంటే ప్రిన్సిపాల్ ద్వారా, రిజిస్ట్రార్‌కి. అదే రోజు ఒక అడ్వాన్స్ కాపీ నేరుగా రిజిస్ట్రార్ ఆఫీసు తపాల్‌లో ఇచ్చి మీ ప్రతి మీద ముద్ర వేయించుకోండి. హెచ్‌ఓడీ సిఫారసు చేయకపోయినా “సిఫారసు చేయడం లేదు, కారణం ఇది” అని రాసి ఫైలు పైకి పంపాల్సిందే, సొరుగులో పెట్టుకోవడానికి లేదు. స్టడీ లీవ్ మంజూరు చేయాల్సింది ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ (ఈసీ). ఈసీ ఎప్పుడు కూర్చుంటుందో, ఎజెండా ఎన్ని రోజుల ముందు మూసేస్తారో కనుక్కుని దానికి తగ్గట్టు వెనక్కి లెక్కేసుకోండి. ఒక్క ఈసీ తప్పితే ఒక సెమిస్టర్ పోతుంది.

బాండు రాయాలి. తిరిగొచ్చి కనీసం 3 ఏళ్లు ఇదే యూనివర్సిటీలో పనిచేస్తానని, లేకపోతే లీవ్‌లో తీసుకున్న జీతం వెనక్కి కడతానని. లీవ్ ఏడాదే అయినా బాండు మూడేళ్లదే. ఇది మామూలుగా ఎవరూ పట్టించుకోరు గానీ మీరు అసోసియేట్ పోస్టుల గురించి ఆలోచిస్తున్నారు కాబట్టి పట్టించుకోవాలి. పీహెచ్‌డీ రాగానే వేరే యూనివర్సిటీలో సెలెక్టయితే ఈ బాండు అడ్డొస్తుంది, అప్పుడు డబ్బు కట్టి వెళ్లాలి. సొంత యూనివర్సిటీలోనే పై పోస్టుకు సెలెక్టయితే ఆ ఇబ్బంది ఉండదు. బాండుకు హామీగా స్థిరాస్తి చూపొచ్చు, బ్యాంకు గ్యారంటీ ఇవ్వొచ్చు, లేదా ఇద్దరు పర్మనెంట్ టీచర్ల పూచీకత్తు తేవొచ్చు. చాలామంది మూడోదే ఎంచుకుంటారు. మీ డిపార్ట్‌మెంటులో మీరు కాక ఉన్న పర్మనెంట్ టీచర్లే ముగ్గురు, అందులో ఒకరు హెచ్‌ఓడీ. పూచీకత్తు సంతకాలకు వేరే డిపార్ట్‌మెంటు వాళ్లను చూసుకోండి, రిటైర్మెంట్ దగ్గర పడినవాళ్లను మాత్రం వద్దు, సెక్షన్‌లో కొర్రీ వేస్తారు.

లీవ్‌లో ఉండగా ప్రతి ఆరు నెలలకూ గైడ్ సంతకంతో ప్రోగ్రెస్ రిపోర్టు రిజిస్ట్రార్‌కి చేరాలి, ఆరు నెలలు ముగిశాక ఒక నెల లోపు. చేరకపోతే జీతం ఆపే అధికారం వాళ్లకుంది, ఆపుతారు కూడా. అంశం మార్చుకుంటే ముందే అనుమతి తీసుకోవాలి. ఎక్కడా ఉద్యోగం చేయకూడదు, పార్ట్‌టైమ్‌గా కూడా. ఫెలోషిప్ తీసుకోవచ్చు. మీ అంశానికి లండన్‌లోని ఇండియా ఆఫీస్ రికార్డులు కూడా పనికొస్తాయి కాబట్టి, బ్రిటన్‌లో కొద్ది వారాల పరిశోధనకు గ్రాంట్లిచ్చే చార్లెస్ వాలెస్ ఇండియా ట్రస్ట్ లాంటివి చూడండి. దేశం దాటేముందు యూనివర్సిటీ అనుమతి విడిగా తీసుకోవాలి, స్టడీ లీవ్ ఉత్తర్వు దానికి సరిపోదు. మంజూరైన 12 నెలల్లోపు లీవ్ మొదలుపెట్టకపోతే రద్దయినట్టే లెక్క. ఇంకో మాట, ఆ ఏడాదిలో డబ్బు కట్టి వేయించుకునే జర్నల్ పేపర్ల వైపు వెళ్లకండి. యూజీసీ కేర్ జాబితాను (యూజీసీ గుర్తించిన జర్నళ్ల జాబితా) కూడా 2025లో ఎత్తేశారు, ఏ జర్నల్ ఎలాంటిదో ఇక సంస్థలే చూసుకోవాలి. థీసిస్ రాయండి చాలు.

కాదంటే? సెలవు హక్కుగా అడిగేది కాదన్నది ప్రతి లీవ్ రూల్స్ పుస్తకంలోనూ మొదట్లో ఉండే వాక్యం, దాన్ని దాటి నేను మీకు భరోసా ఇవ్వలేను. కానీ కారణం చెప్పకుండా కాదనడానికీ వీల్లేదు. రాతపూర్వకంగా కారణం అడగండి. గత 5 ఏళ్లలో స్టడీ లీవ్‌కి ఎన్ని అప్లికేషన్లు వచ్చాయి, ఎంతమందికి ఇచ్చారు, ఏ డిపార్ట్‌మెంట్లకు ఇచ్చారు అని సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి అడగండి. మీకంటే తక్కువ మంది ఉన్న డిపార్ట్‌మెంటులో ఎవరికైనా ఇచ్చి ఉంటే, ఆ కాగితం జతచేసి వైస్ ఛాన్సలర్‌కి అప్పీలు చేసుకోవచ్చు. హైకోర్టు దాకా వెళ్లొచ్చు గానీ, అక్కడ గెలిచే సరికి మీ పీహెచ్‌డీ గడువు ముగుస్తుంది.

ఆ లోగా చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. వచ్చే సెమిస్టర్ టైమ్‌టేబుల్‌లో మీ 16 గంటలను సోమవారం నుంచి గురువారం మధ్యలో సర్దమని అడగండి, టైమ్‌టేబుల్ మార్పుకు హెచ్‌ఓడీ ఒప్పుకుంటే చాలు. లీవ్ కాదన్న మనిషి ఇది కూడా కాదనడానికి మొహమాటపడతారు. శుక్రవారం పొద్దున్నే ఎగ్మోర్‌లో ఉంటే సూచికల పని అయినా సాగుతుంది. మీ ఎర్న్‌డ్ లీవ్ ఖాతాలో ఎన్ని రోజులున్నాయో సర్వీస్ రిజిస్టర్ తెప్పించి చూసుకోండి, వేసవి సెలవులకు ముందో వెనకో కలుపుకోవడానికి పనికొస్తుంది. జీతం లేని ఎక్స్‌ట్రార్డినరీ లీవ్ మాత్రం చిట్టచివరి దారి. ఇంట్లో టెన్షన్ ఉందని మీరే రాశారు కాబట్టి ఇప్పట్లో దాని పేరెత్తొద్దు.

అప్లికేషన్ ఇచ్చాక ఫైలు వెనక్కి వస్తే, దాని మీద ఏ సెక్షన్ వాళ్లు ఏ రిమార్కు రాశారో ఉన్నది ఉన్నట్టు కాపీ చేసి మళ్లీ రాయండి. దానికి జవాబు అప్పుడు చూద్దాం.